గింజ గింజా ఎరిగిన ఇల్లాలు

హిందూపురంలో బెల్లం మండీల వెనకవీధి అత్తలు తమ కోడళ్లను తిట్టాలంటే కమలాక్షి పేరు ఎత్తేవాళ్లు. "ఆ జయరామయ్య పెండ్లాన్ని చూసి నేర్చుకోవే" అనేది ఒకామె. "ఆ ఇంట్లోంచి చింతగింజ కూడా బయటికి పోదు, తెలుసునా?" అనేది ఇంకొకామె. గోడ అవతలి నుంచి ఆ మాటలు వినపడితే కమలాక్షి చేతిలో ఉన్న పని కాస్త హుషారుగా సాగేది.

ఆ మాటల్లో అబద్ధమేమీ లేదు. చింతపండు కొట్టినప్పుడు రాలిన గింజలను ఆమె బానలో పోసి దాచేది. వాటిని వేయించి, నానబెట్టి, పైతోలు తీసి దంచితే వచ్చే పిండితో అంగట్లో పొట్లాలు అతికించడానికి బంక కాచేది. ఆముదాలు కూడా ఇంట్లోనే వేయించి, రోట్లో మెత్తగా దంచి, కుండలో నీళ్లతో కాచి, పైకి తేలిన నూనెను గంటెతో జాగ్రత్తగా తీసుకునేది. తలకు అదే, దీపానికి అదే, ఆ దీపం మీద మూత బోర్లించి పట్టిన మసే కంటికి కాటుక. పాత పంచెలు చించితే ఏడాదికి సరిపడా వత్తులు. చిరిగిన చీరలన్నీ పొరలు పొరలుగా పరిచి కుడితే చలికాలానికి బొంత. సబ్బుబిళ్ల ఆ ఇంటి గడప తొక్కలేదు. చవుడుమన్ను నీళ్లలో కలిపి, తేరిన నీళ్లు వంచి, అందులో బట్టలు ఉడకబెట్టేది. గానుగల దగ్గర ఊరికే పారబోసే వేరుశనగ పొట్టును గంపలతో మోసుకొచ్చి పొయ్యిలో కూరి మండించేది. ఉలవలు ఉడికించిన కట్టు రాత్రికి చారు, ఆ గుగ్గిళ్లు పొద్దున పిల్లకు. అన్నం వార్చిన గంజిలో సగం ఉప్పు వేసుకుని తాను తాగేది, మిగిలిన సగం మొగుడి పంచెలకు పెట్టేది.

ఆమె పిసినారిగా పుట్టలేదు. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంట్లో పుట్టింది. తల్లి తొందరగా పోతే, తమ్ముడు వెంకటేశులును చంకనేసుకుని తిరుగుతూ, తండ్రికి నూలు కండెలు చుట్టి ఇస్తూ పెరిగింది. ఆ ఇంట్లో దుడ్లు ఉన్ననాడు నెయ్యి, లేనినాడు కారం. దేనికీ దాపరికం ఉండేది కాదు. హిందూపురం జయరామయ్యది కూడా సాలెకులమే. వాళ్ల నాయన మగ్గం వదిలేసి పట్టునూలు, జరీ, చీరల అంగడి పెట్టాడు. ఆ అంగడి ఉన్న ఇంటికి కోడలుగా వెళ్తోందని ధర్మవరంలో అందరూ కమలాక్షి అదృష్టాన్ని చెప్పుకున్నారు.

పెళ్లయి నాలుగైదేళ్లు గడిచాక దేశమంతా ధరలు పడిపోయాయి. చీరలు కొనే దిక్కు లేకుండా పోయింది. అంగట్లో జయరామయ్యతో కలిసి పెట్టుబడి పెట్టిన పాలుదారు తగాదా పడి విడిపోయాడు. ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం జయరామయ్య వంటింటి గడపలో కూర్చుని, అంతకు ముందెప్పుడూ మాట్లాడని గొంతుతో భార్యతో మాట్లాడాడు.

"మనం మునిగిపోయినాం కమలా. బయట ఎవరికీ తెలీకూడదు. తెలిస్తే ఒక్కడు కూడా అప్పియ్యడు. నువ్వు ఇంటిని బిగబట్టుకో. అంగడిని నేను నిలబెడతా."

మొగుడు తనను ఒక మనిషిగా ఎంచి అంత మాట చెప్పడం కమలాక్షికి అదే మొదలు. ఆ రాత్రి ఆమెకు దిగులు వేయలేదు. ఎవరో తన చేతికి పెద్ద బాధ్యత అప్పగించినట్టు ఒళ్లంతా నిటారుగా అయింది. మర్నాడే చేతి గాజులు తీసి ఇచ్చేసింది. చాకలికి వేసే బట్టలు ఆపేసింది. పాలు పోసే మనిషిని మాన్పించింది. అలా మొదలైన కట్టడి ఏళ్లు గడిచినా సడలలేదు. అంగడి ఎప్పుడు తేరుకున్నదీ జయరామయ్య చెప్పలేదు. చెప్పకపోతే తేరుకోలేదనే ఆమె అనుకుంది.

ఆ కట్టడి కింద నలిగింది ఆమె ఒక్కతే కాదు. కూతురు పద్మావతికి పాతచీరల అంచులు అతికి పావడాలు కుట్టేది. బడిలో పిల్లలు ఆ పిల్లకు 'బొంతపావడా' అని పేరు పెట్టారు. ఒకరోజు అది ఏడుస్తూ వస్తే కమలాక్షి దగ్గరికి తీసుకుని, "నాయన కష్టాల్లో ఉండాడు బంగారూ" అని చెప్పింది. ఆ పిల్ల మళ్లీ ఎప్పుడూ ఏమీ అడగలేదు.

వెంకటేశులు అప్పటికి పెళ్లి చేసుకుని, పోయిన తండ్రి మగ్గం మీదే నేస్తున్నాడు. ఒక ఏడు గౌరీపండగకు అక్క కోసం తానే చీర నేసి తెచ్చాడు. చిలకపచ్చ ఒళ్లు, ఎర్రటి అంచు. కమలాక్షి దాన్ని చెంపకు ఆనించుకుని చూసుకుంది. తమ్ముడు రైలెక్కాక మడత విప్పకుండా మొగుడికి ఇచ్చేసింది, అంగట్లో అమ్మమని. జయరామయ్య వద్దనలేదు. మరుసటేడు వెంకటేశులు, "ఆ చీర కట్టుకోలేదా అక్కా?" అని అడిగితే, పెట్టెలో భద్రంగా ఉందని చెప్పింది. తమ్ముడితో ఆమె చెప్పిన అబద్ధం అదొక్కటే.

యుద్ధం వచ్చింది. మొదట్లో అది ఎక్కడో జరిగే సంగతిలా ఉండేది. తర్వాత కిరసనాయిలు దొరకలేదు, బట్ట దొరకలేదు. బయటి దేశం పట్టు ఆగిపోయింది. మైసూరు పట్టంతా విమానాల్లోంచి దూకే సిపాయిల గాలిగొడుగులకని సర్కారు తీసుకుపోతోందని చెప్పుకున్నారు. వీధిలో ఆడవాళ్లంతా ఇప్పుడు కమలాక్షి దగ్గరికి వచ్చి ఆముదం ఎలా కాచాలో, చవుడునీళ్లు ఎంతసేపు తేరాలో నేర్చుకుపోయేవాళ్లు. ఆమె అత్త రంగమ్మ అరుగు మీద కూర్చుని, "మా కోడలికి యుద్ధం ఎప్పుడో వచ్చినాది" అని నవ్వేది.

ఇంటి పెరట్లో వెనకటికి ఎద్దులు కట్టిన గది ఒకటి ఉండేది. యుద్ధం మొదలైన రోజుల్లో జయరామయ్య దానికి కొత్త తలుపు పెట్టించి తాళం వేశాడు. "పాలుదారు సామాను. కోర్టులో ఉండాది. తేలేదాకా మనం ముట్టుకోరాదు" అన్నాడు. కోర్టు పేరు వినగానే కమలాక్షి ఆ వైపు పోవడమే మానేసింది. ఆ తర్వాత కొన్నాళ్లకు, అంగట్లో చీరలకు పురుగు పడుతోందని, వేపాకు, వసకొమ్ము ఎండబెట్టి చిన్న చిన్న పొట్లాలు కుట్టి ఇమ్మన్నాడు. పాతబట్ట ముక్కలతో ఆమె బుట్టెడు పొట్లాలు కుట్టి ఇచ్చింది. అంగట్లో అన్ని చీరలు ఎక్కడివని ఆమెకు తోచలేదు. చెప్పిన పనిని ఖర్చు లేకుండా చేయగలిగానన్న తృప్తే తోచింది.

రెండేళ్లు వరుసగా వానలు తప్పాయి. రెండో ఏడు ఎండాకాలంలో, నడిమధ్యాహ్నం వెంకటేశులు ఇంటికొచ్చాడు. చెప్పుల్లేవు. మెడ ఎముకలు బయటపడ్డాయి. కమలాక్షి గబగబా అంబలి కలిపి ఇచ్చింది. అతను సగం తాగి చెంబు పక్కన పెట్టాడు.

"అక్కా, ఒక్క చీరకు సరిపడా పట్టు ఇప్పించు. జరీ లేకున్నా పర్వాలేదు. మగ్గం ఎక్కి ఆర్నెల్లయింది. ఒక చీర దించితే దాని మీద ఇంకొకటి నేసుకుంటా. పిల్లోళ్లు గడ్డలు తవ్వుకోని తింటాండారు."

"మా అంగట్లో యాడుండాదిరా? మూసుకునేకి సిద్ధంగా ఉండాది."

"ఆడికే పోయొస్తాండా. బావ నిన్నడగమన్నాడు. 'ఇంటి సంగతి గింజ గింజా మీ యక్కకే ఎరుక. ఆమె ఉందంటే ఉన్నట్టు, లేదంటే లేనట్టు' అన్నాడు."

ఆ మాట విని కమలాక్షి ముఖం విప్పారింది. మొగుడు తన గురించి పుట్టింటి మనిషితో అంత గౌరవంగా చెప్పాడు. "నిజమే గదరా. ఈ ఇంట్లో ఏముండాదో, ఏం లేదో నాకు తెలీదా? ఉంటే నీకియ్యకుండా దాచుకుంటానా?"

వెంకటేశులు పెరటివైపు చూశాడు. "ఆ గదిలో?"

"అది పాలుదారు సామాను. కోర్టు తగాదా. మనది కాదు."

"నిజంగా లేదా అక్కా?"

తమ్ముడు రెండోసారి అడగడం ఆమెకు కష్టంగా తోచింది. లేచి దేవుడి గూట్లో వెలుగుతున్న దీపం మీద చెయ్యి పెట్టింది. "ఈ దీపం సాక్షిగా చెప్తాండా. ఈ ఇంట్లో పట్టుపోగు లేదు."

వెంకటేశులు చాలాసేపు ఆమె చేతి వైపే చూశాడు. "సరే అక్కా" అని లేచాడు. కమలాక్షి రాగిపిండి, వేయించిన చింతగింజలు మూటగట్టి ఇచ్చింది. అతను దాన్ని తీసుకుని గడప దాటాడు. కాసేపటికి ఆమె బయటికి వచ్చి చూస్తే మూట అరుగు మీదే ఉంది. మరిచిపోయినాడు పాపం అనుకుని, పిండిని తిరిగి డబ్బాలో పోసుకుంది.

మూడో ఏడు వాన కురిసింది. కరువు తీర్చే వాన కాదు, ఉన్న మట్టిమిద్దెలను కూల్చే వాన. జయరామయ్య పని మీద బెంగళూరు పోయి ఉన్నాడు. కమలాక్షి గోనెసంచి తల మీద కప్పుకుని మిద్దెక్కి, కారుతున్న చోటల్లా చవుడు తొక్కుతూ వచ్చింది. పెరటిగది పైకప్పు ఒక మూల కుంగిపోయి నీళ్లు లోపలికి కారుతుండటం చూసింది. పాలుదారు సామాను తడిసి పాడైతే కోర్టు తమ నెత్తినే రుద్దుతుంది. దిగి వచ్చి గుండ్రాయి తీసుకుని తాళం మీద కొట్టసాగింది.

రంగమ్మ అరుస్తూ వచ్చింది. ఆమె అలా పరుగెత్తడం కమలాక్షి ఎప్పుడూ చూడలేదు. "వద్దు మే! వాడొచ్చేదాకా తియ్యద్దు!"

"తడిసిపోతాదత్తా!"

"తడిస్తే తడవనీ. తియ్యద్దంటే!"

అప్పటికే తాళం ఊడింది.

లోపల గోడల వెంబడి, నేల తగలకుండా బల్లలు వేసి, వాటి మీద వరసలుగా గోనెకట్టలు పేర్చి ఉన్నాయి. నీళ్లు పడుతున్న మూల కట్టను ఆమె గబగబా ఇవతలికి లాగింది. గోనె విడిపోయి పట్టునూలు బయటపడింది. పచ్చిపట్టు, రంగులద్దిన పట్టు, పక్కన జరీ డబ్బాలు. ప్రతి కట్ట మధ్యలో, ప్రతి డబ్బా పక్కన, ఆమె తన చేత్తో కుట్టిన వేపాకు పొట్లం. ధర్మవరంలో ఒక వీధి వీధంతా మగ్గాలెక్కినా ఏడాది పాటు తరగనంత పట్టు, ఒక్క పోగు కూడా పురుగు తినకుండా నిక్షేపంగా ఉంది.

కమలాక్షి ఆ తడినేల మీదే కూర్చుండిపోయింది. రంగమ్మ గుమ్మం పట్టుకుని నిలబడి ఆయాసపడుతూ ఉంది.

"నీకు తెలుసునా అత్తా?"

"తెలీకేం. ఇంటి పెద్దదాన్ని."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెప్తే ధర్మవరంలో మీ పుట్టింటోళ్లకు చెప్పినట్టే గదా. వాళ్లందరూ సాలెవాళ్లు. ఒకడికిస్తే ఇంకొకడు వస్తాడు."

మర్నాడు జయరామయ్య వచ్చాడు. విరిగిన తాళాన్ని చూశాడు. కోపగించుకోలేదు. కాళ్లు కడుక్కుని, పీట మీద కూర్చుని, కంచం పెట్టమన్నాడు. కమలాక్షి కంచం పెట్టకుండా ఎదురుగా నిలబడింది.

"మనం మునిగిపోయినామని చెప్పిన మాట?"

"అప్పుడు మునిగినాం. నిజమే."

"తేలింది ఎప్పుడు?"

"ఎప్పుడో తేలినాం. అయితే ఏమిప్పుడు? నీకు చెప్పింటే నువ్వు చెయ్యి వదిలేసేదానివి. ఆడది ఉందని తెలిస్తే ఉంచదు." అతను ఎంతో ఓపికగా, గుమాస్తాకు చెప్పినట్టు చెప్పాడు. "ఈ సరుకు దేంతో కొన్నాననుకున్నావు? నువ్వు మిగిల్చిన దాంతోనే. నువ్వు సబ్బు కొనలేదు, పాలు కొనలేదు, చీర అడగలేదు. అదంతా ఆ గదిలో ఉండాది. యుద్ధం ఇంకా ముదరనీ. దీని ధర చూద్దువు."

"మా తమ్ముడు వచ్చినప్పుడు నన్నడగమని పంపిందెందుకు?"

జయరామయ్య తల వంచుకుని పంచె అంచు సరిచేసుకున్నాడు. "నేను లేదంటే వాడు నమ్మేవాడు కాదు. నువ్వు లేదంటే నమ్ముతాడు. నీకు తెలీదు కాబట్టి నీ గొంతు వణకలేదు."

 కమలాక్షి అతనికి కంచం పెట్టింది. మర్నాడు పొద్దున పెరటిగదిలోకి పోయి, చేతికొచ్చిన ఒక పట్టుకట్ట, ఒక జరీ డబ్బా తీసి చీరలో మూటగట్టుకుంది. జయరామయ్య గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాడు. అడ్డం రాలేదు. "ఇచ్చిరా పో. యాడిదని అడిగితే మాత్రం నా పేరు చెప్పొద్దు" అన్నాడు. ఆమె ఒక్కతే రైలెక్కడం అదే మొదటిసారి.

ధర్మవరంలో పుట్టింటి తలుపు తాళం వేసి ఉంది. కిటికీలోంచి చూస్తే మగ్గం గుంత ఖాళీగా ఉంది. కొయ్యలు కూడా లేవు. పక్కింటి గంగక్క ఆమెను చూసి గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది.

"మీ వాళ్లు యాడుండారమ్మా ఈడ? మగ్గం అమ్ముకున్నారు గదా. పోయినేడు నుంచీ పెనుకొండలో కరువుపనికి పోతాండారు. రోడ్డుకు కంకర కొడతాండారు. నీకు తెలీదా?"

కమలాక్షి మళ్లీ రైలెక్కి పెనుకొండలో దిగింది. కొండ కిందుగా కొత్తగా వేస్తున్న రోడ్డు పక్కన, ఈతాకు గుడిసెలు వరసగా ఉన్నాయి. ఆడా మగా కూర్చుని రాళ్లు పగలగొడుతున్నారు. వాళ్లలో చాలామందిని ఆమె ఎరుగును. చిన్నప్పుడు ఆమె వీధిలో మగ్గాలకు పడుగులు సాగదీసినవాళ్లే. నీడకు వేలాడగట్టిన గోనె కింద వెంకటేశులు నీళ్లకుండ పక్కన కూర్చుని ఉన్నాడు. వచ్చినవాళ్లకు ఎడమచేత్తో నీళ్లు ముంచి పోస్తున్నాడు. కుడిచెయ్యి ఒళ్లో ఉంది. దాని వేళ్లు బొటనవేలు తప్ప అన్నీ చితికి, ముద్దగా అతుక్కుని, నల్లబడి ఉన్నాయి.

"రాయి దొర్లింది" అన్నాడు, ఆమె అడగకముందే.

అనసూయ పని ఆపి వచ్చింది. వెంకటేశులు భార్య. ఒకప్పుడు కమలాక్షే వెళ్లి చూసి, మన ఇంటికి సరిపోయే పిల్ల అని చెప్పి చేసుకొచ్చిన పిల్ల. ముఖమంతా కంకరదుమ్ము. కమలాక్షి మూట విప్పి ఆమె ముందు పెట్టింది. ఎండలో పట్టు మెరిసింది. చుట్టూ ఉన్నవాళ్లు సుత్తులు ఆపారు.

"ఇంట్లో ఉండాదని నాకు నిన్నామొన్నటి వరకు తెలీదు అనసూయా. దేవుడి మీద ఒట్టు. తెలిసిన వెంటనే తెచ్చినా."

అనసూయ ఒంగి కట్ట మధ్యలోంచి చిన్న పొట్లాన్ని బయటికి తీసింది. వేపాకు వాసన వచ్చింది. అటూ ఇటూ తిప్పి కుట్టు చూసింది.

"ఇది నీ కుట్టే గదా వదినా?"

తన కుట్టును కమలాక్షి కాదనలేకపోయింది.  "నేనే కుట్టినా. అంగట్లోకన్నాడు ఆయన."

"ఆ నూలు మీ పెరట్లో దింపిన హమాలీ మా వీధివాడే. ఈ చేతుల్తోనే మోసినా అని చెప్పినాడు. మీ తమ్ముడు వాణ్ని తిట్టినాడు. 'మా యక్క ఇంట్లో ఉంటే నన్ను పస్తు పెడతాదా? ఆమెనే అడిగొస్తా' అని నడిచి వచ్చినాడు, టిక్కెట్టుకు దుడ్లు లేక." అనసూయ గొంతు పెంచలేదు. "అగ్గిపుల్లను నిలువునా చీల్చి రెండు చేసుకునేదానివి నువ్వు. బానలో చింతగింజలు ఎన్నుండేదీ చెప్తావు. పెరట్లో గదినిండా పట్టుంటే నీకు తెలీదా? నీకా వదినా? ఎవరు నమ్ముతారు చెప్పు?"

చుట్టూ ఉన్నవాళ్లలో ఒక్కరు కూడా కమలాక్షి ముఖం చూడలేదు. ఎవరూ నమ్మడం లేదని ఆమెకు తెలిసిపోయింది. ఆలోచిస్తే, ఆ చోట తానున్నా నమ్మి ఉండేది కాదు.

"నువ్వు నమ్ముతావు గదరా?" అని తమ్ముడి వైపు తిరిగింది.

వెంకటేశులు కుండ మీద మూత సరిగ్గా పెట్టాడు. "బావ ఇయ్యొద్దన్నాడని చెప్పింటే పోయేవాణ్ని అక్కా. ఇయ్యడం ఇష్టం లేదని చెప్పినా పోయేవాణ్ని. ఆ దీపం ముట్టుకోకుండా ఉండాల్సింది." తర్వాత మెల్లగా, "అది తీసుకపో. దాన్ని పట్టుకునేకి నాకు చెయ్యి లేదు" అన్నాడు.

పక్కనే ఉన్న వేరే సాలెకుటుంబానికి ఇవ్వబోయింది కమలాక్షి. వాళ్ల మగ్గాలూ అమ్ముడుపోయాయి. ఆ మూటతోనే ఆమె హిందూపురం తిరిగి వచ్చింది. పోవడానికి ఆమెకు ఇంకొక ఇల్లు లేదు. జయరామయ్య మూటను తీసి, పోగులు సరిచేసి, తడి ఏమైనా తగిలిందా అని చూసి, మళ్లీ కట్టలో పెట్టుకున్నాడు.

ఆ మర్నాడు ఆమె గంజిని మోరీలో పారబోసింది. రంగమ్మ లబోదిబోమంది.  కమలాక్షి బజారుకు పోయి సబ్బుబిళ్ల కొని తెచ్చి ఒళ్లు రుద్దుకుంది. ఆ వాసన పడక మధ్యలోనే నీళ్లు పోసుకుని వచ్చేసింది. పద్మావతికి పూలపూల గుడ్డ చింపించి కొత్త పావడా కుట్టించింది. ఆ పిల్ల దాన్ని చేతుల్లోకి తీసుకుని, ముట్టుకుని చూసి, తిరిగి తల్లి ఒళ్లో పెట్టేసింది.

"ఎందుకమ్మా? నాయనకు కష్టం గదా."

కష్టం లేదు తల్లీ అని చెప్పాలంటే, ఇన్నేళ్లూ లేదని చెప్పాలి.  కమలాక్షి పావడాను మడిచి పెట్టెలో పెట్టింది. కొన్నాళ్లకు చేతులు మళ్లీ పాత దారిన పడ్డాయి. ఆముదం కాచింది, వత్తులు చేసింది. ఆ పనులు తప్ప ఆ చేతులకు ఇంకేమీ రాదు. మునుపటి హుషారు మాత్రం వాటిలో లేదు.

పెనుకొండకు ఆమె రెండుసార్లు బియ్యం పంపింది. రెండుసార్లూ బండివాడు మూటను అలాగే వెనక్కి తెచ్చాడు. యుద్ధం ముగిసేలోపల పెరటిగది ఖాళీ అయింది. జయరామయ్య ఇంటి మీద ఇంకొక అంతస్తు లేపాడు. గృహప్రవేశానికి వచ్చినవాళ్లంతా కమలాక్షి చేతులు పట్టుకుని, "ఈ మిద్దె నీ కడుపు కట్టుకుని కట్టింది గదమ్మా" అన్నారు. పొగడ్తగానే అన్నారు.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటేడు ధర్మవరం నుంచి గంగక్క ఏదో పని మీద హిందూపురం వచ్చి, వెంకటేశులుకు బెంగళూరు మిల్లులో కావలి పని దొరికిందని, ఆ వారంలోనే సంసారమంతా పోతోందని చెప్పింది. ఏ రైలుకో కూడా చెప్పింది. ఆ రోజు కమలాక్షి కొలవకుండా బియ్యం పోసి, పప్పు వండి, నెయ్యి పోసి, పెద్ద ఇత్తడి గిన్నె నిండా అన్నం కలిపి స్టేషనుకు పోయింది.

రైలు ఆగగానే పెట్టె పెట్టెలోకీ చూసుకుంటూ నడిచింది. వెనకపెట్టెలో కనపడ్డారు. పిల్లలు కిటికీ దగ్గర ఉన్నారు. మేనత్తను వాళ్లు గుర్తుపట్టలేదు. ఆమె కిటికీ ముందు నిలబడి గిన్నె ఎత్తి పట్టుకుంది.

"వెంకటేశూ, దారిలో తినేకి తెచ్చినా రా. పిల్లోళ్లకు పెట్టు."

వెంకటేశులు ఆమెను చూశాడు. చితికిన చేతిని ఉత్తరీయం కిందికి లాక్కున్నాడు. తర్వాత అవతలి కిటికీ వైపు తిరిగి, పట్టాల మీద ఏదో ఉన్నట్టు అటే చూస్తూ ఉండిపోయాడు. పిల్లలు గిన్నెలోకి చూస్తున్నారు. నెయ్యి వాసనకు చిన్నవాడు లేచి నిలబడ్డాడు.

అనసూయ ఆ పిల్లవాడి ముఖం చూసింది. లేచి వచ్చి కిటికీలోంచి గిన్నె అందుకుంది. ఒళ్లో మోదుగాకు విస్తరి పరిచి, అన్నమంతా దాని మీదికి వంచింది. అడుగున అంటుకున్నది కూడా చేత్తో తుడిచి తీసింది. గార్డు ఈల వేశాడు. ఆమె ఖాళీ గిన్నెను కిటికీలోంచి బయటికి చాచింది.

"తీసుకో వదినా. ఇంట్లో లెక్క తగ్గుతాది."

కమలాక్షి అందుకుంది. రైలు కదిలింది. పిల్లలు తింటూ ఆమె వైపు చూశారు. వెంకటేశులు తిరగలేదు.

ఆమె ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. మంచం మీదున్న రంగమ్మ, "యాడికి పోయింటివి ఇంతసేపు?" అని అడిగింది.  కమలాక్షి పెరట్లోకి పోయి, బూడిద తీసుకుని గిన్నె తోమడానికి కూర్చుంది.